బాపు బతికుండగానే

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దేశదేశాల రాయబారులతో తడబడకుండా మాట్లాడే నేను, పొద్దున బొట్టు పెట్టుకునేటప్పుడు మాత్రం అద్దంలో నా మొహం చూసుకోలేను. మీకైనా చెప్పాలి. ఇంక నా వల్ల కాదు.

మాది గోదావరిఖని. బొగ్గుబాయిలో మా బాపు పనిచేసింది తన పేరుతో కాదు. నౌకరీ వచ్చింది ఆయన అన్న మల్లయ్యకు, అంటే మా పెద్దబాపుకు. ఆయన మొదటిరోజే బాయిలోకి దిగి, ఆ చీకటికి జడుసుకుని ఊరికి పారిపోయాడు. అన్న పేరు మీద తమ్ముడు దిగాడు. అప్పట్లో మా దగ్గర ఇలా చాలామంది చేశారు. బాయిలో మల్లయ్య, నా సర్టిఫికెట్లలో తండ్రి పేరు రాజయ్య, మనిషి మాత్రం ఒక్కడే. ఆ జీతంతోనే చదివాను. విదేశాంగ శాఖకు ఎంపికయ్యాను.

చేరేముందు పోలీసు ఎంక్వయిరీకి ఒకాయన మా క్వార్టర్‌కు వచ్చాడు. మల్లయ్య పేరున ఇచ్చిన ఇల్లది.

"మీ నాన్న రాజయ్య ఎక్కడమ్మా?"

బాపు ఎదురుగానే మంచం మీద కూర్చున్నాడు. నిజం చెబితే మారుపేరు బయటపడుతుంది.

"మా బాపు సచ్చిపోయిండు సార్. ఈయన మా పెద్దబాపు."

బాపు ఒక్కసారి నావైపు చూశాడు.

"అవ్ సార్. మా తమ్ముని బిడ్డ. నేనే సాదిన," అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి నీళ్లు తెచ్చింది. నుదుటన బొట్టు లేదు. పుస్తెలతాడు కొంగు కింద దాచుకుంది. అయ్యో, అంతా విన్నది!

ఆయన వెళ్లాక బాపు నవ్వాడు.

"పోయిండు తియ్యి. ఇగ బొట్టు పెట్టుకోవే, నేనింక సావలే."

అమ్మ నవ్వలేదు.

బాపు నౌకరీ కాపాడటానికే అలా అన్నానని చాన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఒట్టిమాట! ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆయన నౌకరీయా, నాదా? నాదే. ఊళ్లో లేడంటే సరిపోయేది కదా, చంపడమెందుకు? చచ్చిన తండ్రి గురించి ఎవరూ మళ్లీ అడగరు, అందుకు. ఆ తర్వాత ఏ దేశంలో ఉన్నా బాపును నా దగ్గరికి పిలిపించుకోలేదు. ఎవరని చెప్పి పిలిపించాలి?

నిరుడు బాపు నిజంగానే పోయాడు. బొట్టు తీయడానికి ఆడవాళ్లు అమ్మ చుట్టూ చేరారు. అమ్మ వాళ్లవైపు చూడలేదు. నన్నే చూసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ రోజు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను.

సార్, గా మంచంల కూసున్నాయినే మా బాపు.