మంచుగుట్ట మీద బండ, మా ఊరి వంక

మా పెదనాయన కొడుకు సైన్యంలో జనరల్. శింగనమల చుట్టుపక్కల చింతచెట్లకు కూడా అన్ని కాయలుండవు, ఆయన ఛాతీ మీద అన్ని పతకాలు. నడిచొస్తుంటే రథం కదిలినట్టే గలగల. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా గొర్రెల వెనక పరుగెత్తేవాడు. ఆ పరుగే ఆయన్ని సైనిక పాఠశాలకు, అక్కడి నుంచి సరిహద్దుకు, సరిహద్దు నుంచి ఢిల్లీలో పెద్ద కుర్చీకి చేర్చింది. అంతటి మనిషి మీద నాకు ఈరోజుకీ కోపమే. పెనం అక్కర్లేదు, నా కోపం మీద ఓళిగలు కాల్చుకోవచ్చు.

మా చెరువుకు కొండ మీది నీళ్లు తెచ్చేది ఒకే ఒక వంక. ఊళ్లో ఒక పెద్దాయన దాన్ని పూడ్చి, అడ్డంగా కట్ట వేసి, చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టాడు. చెరువు ఎండిపోయింది. దాని కింద మా చేన్లూ ఎండిపోయాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి మా చెప్పులు అరిగి, కాళ్లు కూడా సగానికి అరిగాయి. అంతలో జనరల్ రిటైరై, ఒక పూట ఊరు చూసిపోవడానికి వస్తున్నాడని కబురు. "ఆయప్ప ఒక్క మాటంటే చాలప్పా, కలెక్టరే పార తీసుకోనొస్తాడు" అన్నారు అందరూ. తొలకరి లోపల వంక తెరిపించాలి. మా ఆశంతా అదే.

మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అప్పుడే జరిగింది. ఢిల్లీ కుర్చీ మనిషిని మట్టిమిద్దెలో కూర్చోబెడితే పరువేం కావాలి? ఏసీ ఉన్నది ఊళ్లో ఒక్క ఇంట్లోనే. అది చీనీ తోటాయన ఇల్లు. ఆయన్నే బతిమాలి విందు అక్కడ పెట్టించారు! కూడు తిన్న ఇంటి మీద మాట జారడమంటే మా సీమలో కన్నతల్లిని తిట్టడం కన్నా ఘోరం. మా మేనత్త ఒక్కతే మొత్తుకుంది.

"వాని కూడు తిన్నాక మన వంక గురించి ఏం మాట్లాడతాడ్రా? ముందు నా ఇంట్లో ఇంత సంగటి తిననీండి."

"నువ్వుండమ్మా! జనరల్‌కు సంగటి పెడతావా?" అని ఆమె నోరు మూయించారు.

విందుకు తాలూకాలోని పొట్టేళ్లన్నీ కూరైపోయాయి. జనరల్ తింటూ తన కొలువు కథ చెప్పాడు. ఉమ్మితే గాల్లోనే గడ్డకట్టే మంచుగుట్ట మీద శత్రువు జానెడు బండ ఆక్రమించాడట. ఈయన నెలల తరబడి కదలకుండా కూర్చుని వెనక్కి లాక్కున్నాడట. "అంగుళం వదల్లేదు తమ్ముడూ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది చీనీ తోటాయన.

నాకు ఒళ్లు మండింది. "ఆ బండ సంగతి సరేన్నా. ఈడ మన వంకంతా మింగేసినారు. లెయ్, పోయి చూద్దాం" అన్నాను.

జనరల్ నింపాదిగా చేయి కడుక్కున్నాడు. "ఇది సివిల్ మ్యాటర్ తమ్ముడూ. మాలాంటి వాళ్లం జోక్యం చేసుకోకూడదు. పైగా ఇప్పుడే వీళ్లింట్లో తిన్నాను."

గడప దగ్గర నుంచి అత్త అందుకుంది. "ఏమల్లుడా, మంచులో బండకుండే ఇలువ మా నీళ్లకు లేదా? ఆ బండ మీద శనక్కాయలేమన్నా ఏస్తాండారా?"

జనరల్ టోపీ పెట్టుకుని కారెక్కాడు. డిక్కీలో చీనీకాయల మూటలు. మా నీళ్లు తాగి బలిసిన కాయలవి!

తొలకరి వాన పడింది. నీళ్లు తోట కట్టకు తగిలి, పక్కకు తిరిగి రోడ్డెక్కాయి. లారీలు పడవలయ్యాయి. చెరువులో మాత్రం కుక్క నాలుక కూడా తడవలేదు. తెల్లారగానే అత్త పార భుజాన వేసుకుని బయల్దేరింది. ఆమె వెనక ఊరంతా. మధ్యాహ్నానికి కట్ట తెగింది. వెనక నిలిచిన నీళ్లన్నీ పాత దారి పట్టుకుని చెరువులోకి దూకాయి.

సాయంత్రానికి అందరం స్టేషన్‌లో ఉన్నాం.

"ఎవరప్పా కట్ట తెంచమనింది?" అన్నాడు ఎస్సై.

"జనరల్ సాబ్ సార్. అంగుళం కూడా వదలొద్దన్నాడు" అన్నాను.

ఎస్సై కుర్చీలోంచి లేచి నిలబడే ఢిల్లీకి ఫోన్ చేశాడు. కాసేపు విని, ముఖం మాడ్చుకుని, ఫోన్ నాకిచ్చాడు.

"నన్నెందుకు లాగుతావురా ఇందులోకి?" అని జనరల్ గొంతు ఉరిమింది.

"సివిల్ మ్యాటరన్నా. నువ్వు జోక్యం చేసుకోవద్దు" అని పెట్టేశాను.

కేసు ఇంకా నడుస్తోంది. చెరువులో మోకాటి లోతు నీళ్లున్నాయి. వాయిదాకు పోయిన ప్రతిసారీ అత్త సంగటి మూట కట్టుకొస్తుంది. కోర్టు గోడ నీడలో కూర్చుని మా కూడు మేమే తింటున్నాం.