కోటు మీద పెంకిపురుగులు

పిండిమిల్లు గోదాములో ఆమెను అందరూ పురుగులత్త అంటారు. పేరుకు తగ్గ పనే. గోడల వెంట నూనె పోసిన గిన్నెలు పెట్టి, ఒక్కోదాని మీద ఒక రబ్బరు బిళ్ళ వేలాడదీస్తుంది. పిండికి పట్టే ఎర్ర పెంకిపురుగుల్లో మగది తనవాళ్ళను పిలవడానికి ఒక వాసన వదులుతుంది. బిళ్ళకు పట్టించేదీ అలాంటి వాసనే. మన ముక్కుకు అందదు గానీ, పురుగులు ఆడా మగా తేడా లేకుండా పరుగెత్తుకొచ్చి నూనెలో పడతాయి. పిలవని పేరంటానికి మాత్రం రావు, అంత మర్యాదస్తులు.

వేసవంతా గిన్నెలు ఖాళీ. "అత్తది మంచి హస్తవాసి" అని యజమాని మురిసిపోయాడు. ఆమెకు ఆ పని ఇప్పించింది లోడింగు మేస్త్రీ, ఆమె అల్లుడే. ఇవాళ బిస్కెట్ల ఫ్యాక్టరీకి తొలి లోడు. అందులో పురుగు కనబడితే బేరం పోతుంది, దానితోపాటు అల్లుడి ఉద్యోగమూ పోతుంది.

లారీ దాదాపు నిండింది. పాత బిళ్ళలు మార్చి కొత్తవి పెట్టబోతే పట్టకారు కనబడలేదు. విసుక్కుంటూ వేళ్ళతోనే తీసి, చెయ్యి కోటుకు తుడుచుకుని, ఉక్కపోతకు ఆ కోటు విప్పి మిగిలిన బస్తాల పక్కన మేకుకు తగిలించింది. టీ తాగి వచ్చేసరికి జేబు మీద ఎర్రటి చుక్కలు పాకుతున్నాయి.

ఆమెకు అప్పుడర్థమైంది. ఫ్రిజ్‌లో మనవడి మందులకు చోటు చాలక చల్లగా ఉంచాల్సిన పాత బిళ్ళల డబ్బాను కిటికీలో పెట్టింది తనే. ఎండకు వాసన ఎప్పుడో ఎగిరిపోయింది. పిలిచే దిక్కులేక గిన్నెలు ఖాళీగా ఉంటే, మిల్లంతా సంబరపడింది.

"బాబూ, లారీ ఆపించండి," అంటూ అల్లుడికి కోటు చూపించింది.

అతని ముఖం పాలిపోయింది. "దులిపేసి దాచెయ్యండత్తయ్యా. ఎవరూ చూళ్ళేదు. ఇద్దరం రోడ్డున పడతాం."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. యజమాని నవ్వుతూ వస్తున్నాడు. ఆమె కోటును గట్టిగా దులిపి, లారీలోని బస్తాల మీద పరిచింది.

"అయ్యా, కాసేపాగండి. కోటుకు బిళ్ళ వాసన అంటింది, బస్తాల్లో పురుగుంటే బయటికొస్తుంది."

"టైమైపోతోందమ్మా!"

ఏమీ రాలేదు. అల్లుడు ఆమె వైపు చూడటం లేదు. యజమాని కోటు తీసెయ్యబోయాడు. అప్పుడు బస్తా కుట్టులోంచి ఒక పురుగు, దాని వెనక మరొకటి, ఆ పక్క బస్తాలోంచి ఇంకొకటి.

"బిళ్ళలు పాడుచేసింది నేనేనయ్యా," అంది ఆమె. "అల్లుడికేమీ తెలీదు."

"తెలుసు," అన్నాడు అల్లుడు. "దాచెయ్యమన్నది నేనే."

లారీ ఎక్కి, కిందికి దింపడానికి మొదటి బస్తా తన భుజానికే ఎత్తుకున్నాడు.