నా ఎత్తు రాయి

బ్రూక్షాబాద్ అనే దీవి ఊళ్ళో మా ఇంటి వెనక ఒక రాయి ఉండేది. నాకు మూడేళ్ళప్పుడు నన్ను గోడకి ఆనించి కొలిచి, సరిగ్గా నా ఎత్తున కోయించి, అమ్మ దాన్ని పాతించింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ తరవాత నేను పెరుగుతూ వచ్చాను, రాయి తరుగుతూ వచ్చింది.

నాన్నకి ఈ దీవుల్లో గవర్నమెంటు ఉద్యోగం దొరికి విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు అమ్మ ఒళ్ళో మా అక్క ఉంది, ఏడాది పిల్ల. ఇక్కడి చాతం జెట్టీలో దిగేసరికి ఒడి ఖాళీ. దారిలో జ్వరమొచ్చి పోతే సముద్రానికే ఇచ్చేశారు. తరవాత ఇక్కడ నేను పుట్టాను. మూడో ఏట నాకూ అలాంటి జ్వరమే వచ్చింది. అప్పుడు అమ్మ సముద్రానికి మొక్కుకుంది. ఈ పిల్లని వదిలెయ్యి, దీని బదులు దీని ఎత్తు రాయి నిలబెడతాను, వారం వారం నీ నీళ్ళతోనే స్నానం చేయిస్తాను అని. నేను బతికాను. అమ్మ మాట తప్పే మనిషి కాదు. ప్రతి శుక్రవారం ఒడ్డుకెళ్ళి బిందెడు ఉప్పునీళ్ళు తెచ్చి రాయికి తలారా పోసేది. వానకి తడవకుండా పైన రేకు కూడా వేయించింది. నేను బడికి తడుస్తూనే వెళ్ళేదాన్ని.

వానలున్నన్నాళ్ళు రాయి బాగానే ఉండేది. ఎండలు ముదిరితే దాని ఒంటినిండా తెల్లటి పూత లేచేది. పొద్దున్నే చూస్తే రాయి అడుగున చారెడు ఇసుక రాలి ఉండేది. గాలి లేదు, ఎవరూ తాకలేదు. ఒకనాడు నుదుటి చోట పెచ్చు ఊడి, బొట్టుతో సహా కింద పడింది. ఆ రోజే నా ముందుపన్ను ఊడింది. అమ్మ నా నోరు తెరిచి చూసింది, రాయిని చూసింది. నన్ను బడికి పంపలేదు.

అప్పటినుంచి అదే వరస. పెచ్చు రాలితే నాకు బడి లేదు. నన్ను కూచోబెట్టి ఒళ్ళంతా తడిమి చూసేది. ఆ భయం నాకూ అంటుకుంది. రాయికి భుజం దగ్గర గుంట పడితే నా భుజం తడుముకునేదాన్ని. నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి దాని తల కుంగింది, నడుం చిక్కి నా చేతిమందాన మిగిలింది. ఇంకో వేసవికి ఉండదు. అది పోయిన రోజు నేనూ పోతానని అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను.

నాన్నకి ఇదంతా గిట్టదు గానీ అమ్మకి ఎదురుచెప్పే ధైర్యం లేదు. సిమెంటు పూయించైనా నిలబెడదామని ఒక మేస్త్రీని పిలుచుకొచ్చాడు. ఇక్కడే పుట్టిన తెలుగువాడు, మాటల్లో సగం హిందీ. అతను రాయిని వేలితో గీకి, ఆ వేలు నాలికకి ఆనించాడు.

"ఇది మెయిన్‌లాండ్ నల్లరాయి కాదు దీదీ, ఇసకరాయి," అన్నాడు అమ్మతో. "నీళ్ళు పీల్చేస్తాది. ఎండకి పానీ పోతాది, నమక్ లోపలే ఉండిపోతాది. ఆ ఉప్పే గడ్డకట్టి పొరలు లేపేస్తాది. బారిష్‌లో వదిలేసుంటే వానే కడిగేసును. రేకేసి, ఉప్పునీళ్ళు పోసి, మీ చేత్తో మీరే తినేసినారు దీన్ని."

నాకు ప్రాణం లేచొచ్చింది. రాయి రాలింది ఉప్పుకి, నాకేమీ కాదు. సంతోషం పట్టలేక అమ్మ వైపు తిరిగాను. అమ్మ గోడకి జారగిలబడి నేలమీద కూచునుంది.

ఓడలో మంచినీళ్ళు కొలిచి ఇచ్చేవారని అమ్మ ఇదివరకు చాలాసార్లు చెప్పింది. అక్కడితో ఆపేసేది.

"పెద్దదాని ఒళ్ళు కాలిపోతంటే," అంది నాన్నతో, "చల్లబడతాదని సముద్రపు నీళ్ళే పోసినాను. మూడ్రోజులు."

జ్వరం వేరు, రాయి వేరు అని నాన్న చెప్పాడు. మేస్త్రీ కూడా చెప్పాడు. ఆమె చెవికెక్కలేదు. మర్నాడు రేకు పీకించేసింది. శుక్రవారం ఒడ్డుకి వెళ్ళలేదు, నన్ను బడికి పంపింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ పెరట్లో ఉంది. పక్కన మంచినీళ్ళ బిందె. చెంబుతో కొంచెం కొంచెంగా పోసి, కొంగుతో రాయి మెడ కింద, చెవుల వెనక మెల్లగా ఒత్తుతోంది. ఆ రాయికి చెవులు ఎప్పుడూ లేవు. నన్ను చూసింది గానీ, రోజూలా దగ్గరికి పిలిచి తడమలేదు. అది ఇంక నా రాయి కాదు, అక్కది. నేను చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకుని తిన్నాను.