ఎవరిదో చొక్కా చెయ్యి

మావారు పోయాక మొదటిసారి, మోకాళ్ళ నొప్పుల మందుల కోసం ఒక్కదాన్నే అబిడ్స్ వెళ్ళాను. కాపురానికి హైదరాబాద్ వచ్చిన నాటి నుంచీ రోడ్డు దాటేటప్పుడు నేను బళ్ళకేసి చూసిందే లేదు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని నడవడమే. ఆ రోజూ పోస్టాఫీసు దగ్గర జనంతోపాటు అలాగే దాటేశాను. అవతలికి చేరి తలెత్తితే, నేను పట్టుకున్నది ఎవరో పెద్దాయన చొక్కా! సిగ్గుతో చచ్చిపోయాను.

"అయ్యో, మావారనుకుని..." అన్నాను.

"ఏం కాదమ్మా. మా ఇంటామె గూడ గిట్లనే పట్టుకుంటుండె. ఆటో దాక పట్టుకోండ్రి," అన్నాడాయన.

ఆటోలు ఎదురుగానే ఆగి ఉన్నాయి. ఇద్దరం వాటిని చూడనట్టే ఇంకో నాలుగడుగులు నడిచాం.

ఇప్పుడు బళ్ళు చూసుకుని నేనే దాటుతున్నాను. చెయ్యి మాత్రం ఇప్పటికీ పక్కకే పోతుంది.