గోడవతలి దబ్బచెట్టు

మొన్న మంగళవారం సంతలో దబ్బకాయలు కనబడితే రెండు తీసుకున్నాను. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల వాటిని చూసి, ఇంత పెద్ద నిమ్మకాయలా అని ఆశ్చర్యపోయింది. మన ఈడు వాళ్ళెవరైనా ఆ మాట వింటే నొచ్చుకోరూ! నిమ్మకి పులుపే గాని, దబ్బకి పులుపూ, వాసనా, చివర్లో నాలిక్కి తగిలీ తగలని చేదూ ఉంటాయి. ఆకు చిదిమి మజ్జిగలో వేసిచ్చినా చాలు, ఎండనపడి వచ్చిన మనిషికి ప్రాణం లేచొస్తుంది.

ఎనభైల్లో నేను యానాం ఫరంపేటకి కోడలిగా వచ్చేసరికి పక్కింట్లో బాగా కాపుకొచ్చిన దబ్బచెట్టు ఉండేది. కొమ్మ ఒకటి మా పెరట్లోకి వంగినా మా అత్తగారు దాని కాయ ముట్టనిచ్చేవారు కాదు సరికదా, రాలినవి కూడా ఏరి గోడమీద పెట్టేసేవారు. దానికి కారణం పులిహోర. పోపు దింపి, అన్నం కాస్త ఆరాక దబ్బరసం పిండాలి, పొయ్యి మీద ఉండగా పోస్తే చేదెక్కుతుంది. ఏదో వ్రతం భోజనాల్లో పక్కింటి పెద్దావిడ తొందరలో రసాన్ని పోపులోనే పోసి మరిగించేశారట. మా అత్తగారు ఊరుకోక, పదిమందిలో "ఇది పులిహోరాండీ, వేపపువ్వు పచ్చడాండీ?" అనేశారట. అంతే, ఆనాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

నాకు అప్పటికే ఒకసారి కడుపు పోయింది. రెండోసారి నెల తప్పాక వేవిళ్ళతో మంచినీళ్ళు కూడా ఇమడక చిక్కి సగమయ్యాను. ఏదో ఒకటి తినకపోతే ఈ బిడ్డా నిలవడం కష్టమని డాక్టరమ్మ అన్నప్పటినుంచీ అత్తగారికి కంటిమీద కునుకు లేదు. చారన్నం, నిమ్మకాయ పులిహోర, ఉప్పద్దిన మామిడిముక్క, ఏది పెట్టినా బయటికే. ఓ మధ్యాహ్నం పెరట్లో పడుకున్న నాకు గాలికి దబ్బాకు వాసన తగిలి, ఎన్నాళ్ళకో ఆకలన్నది వేసింది. ఉండబట్టలేక దబ్బకాయ పులిహోర తినాలనుందని పైకే అనేశాను.

కాయ చేతికందే ఎత్తులోనే ఉంది, కాని అడక్కుండా కోయడం అత్తగారికి చేతకాదు, అడగడం అంతకంటే చేతకాదు. చివరికి కొంగు భుజం నిండా కప్పుకుని గోడ దగ్గరికి వెళ్ళారు.

"ఒదినగారూ, మా కోడలికి ఏదీ ఇమడ్డం లేదండి. ఓ దబ్బకాయ కోసుకుంటానండి."

"కాయివ్వనండి," అంది అవతలి గొంతు. అత్తగారు వెనక్కి తిరగబోయారు. "నేనే కలిపి పంపిత్తాను. చేదుగుంటే మటుకు నన్ననకండి."

గంటలో గిన్నె వచ్చింది. నిజం చెప్పొద్దూ, చేదుగానే ఉంది, ఆవిడ ఈసారీ రసం పొయ్యి మీదే పోసినట్టున్నారు. భయంభయంగా ఓ ముద్ద మింగాను. నిలిచింది. ఇంకోటి మింగాను. అత్తగారు నా ఎదురుగా కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. మిగిలింది తనూ తిని, గోడవతలికి వినబడేలా, బ్రహ్మాండంగా కుదిరిందండీ అని కేకేశారు. ఆవిడ అబద్ధమాడగా వినడం అదే మొదలు. ఆ కాన్పులో పుట్టిందే మా పెద్దమ్మాయి.

ఇప్పుడు ఆ పెద్దవాళ్ళిద్దరూ లేరు, చెట్టూ లేదు. గోడ ఎత్తు పెంచారు, అవతల ఎవరుంటున్నారో వాళ్ళ పేరైనా నాకు తెలియదు. మొన్న తెచ్చిన కాయలతో పులిహోర కలిపాను. అత్తగారు నేర్పినట్టే పోపు దింపి, అన్నం ఆరాకే రసం పిండాను. కాస్తయినా చేదు రాలేదు. మనవలు మెచ్చుకుంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. నాకు మాత్రం ఆ చేదు లేకపోవడమే వెలితిగా అనిపించి, సగం తిని లేచిపోయాను.