ఆ సూది వద్దన్న మనిషి

దయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. కాకినాడలో నర్సింగ్ చదివే రోజుల్లో మార్చురీ పక్కనుంచి వెళ్లడానికి భయపడే అమ్మాయిలను నేనే చెయ్యి పట్టుకుని దాటించేదాన్ని. ఎన్నో చావులు దగ్గరుండి చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. బండలు పేల్చే చప్పుడుకి నేను శిక్షణకి వెళ్లే క్లినిక్ కిటికీలు అదిరేవి. మేం హఫీజ్‌పేట్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక ధర్మాసుపత్రివాళ్లు నర్సులకీ ఫార్మసిస్టులకీ డిగ్రీ తర్వాత చేసే కొత్త శిక్షణ మొదలుపెట్టారని విని చేరాను. రోగిని పరీక్షించి, ఏ మందు ఇవ్వాలో మేమే తేల్చుకుని రాయడం అక్కడ నేర్పేవారు. మన దగ్గర చట్టం అందుకు ఒప్పుకోదు కాబట్టి, మేం రాసినదాని మీద డాక్టరమ్మ సంతకం పడ్డాకే మందు ఇచ్చేవాళ్లం. అయినా, అన్నేళ్లూ ఎవరో రాసిన మందు ఇచ్చినదాన్ని, నేనే రాయాలంటే ఒకటికి రెండుసార్లు పుస్తకం తిరగేసేదాన్ని.

మొదటిసారి ఒంటరిగా రోగుల్ని చూసే కుర్చీలో కూర్చున్న రోజున తెల్లాపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బండలు కొట్టే పని. రాతి ముక్క కోసుకుని పాదం ఎర్రగా వాచిపోయింది, జ్వరం కూడా ఉంది. తోడొచ్చిన కూతురు తలుపు దగ్గర నిలబడింది. పక్క బల్ల దగ్గర నాతోపాటు చదివే ఫార్మసిస్టు మందులు సర్దుతున్నాడు.

పెన్సిలిన్ సూది రాయాలనుకున్నాను. నేర్పిన ప్రకారం ముందు అడిగాను, ఎప్పుడైనా ఏ మందైనా పడలేదా అని.

"నాకేం కాలేదమ్మా. సూదులంటే నాకు భయం లేదు," అన్నాడాయన.

అప్పుడు ఆయన వెనక నిలబడ్డ ఆడమనిషి మాట్లాడింది. ఆకుపచ్చ నేత చీర, గడ్డం మీద పచ్చబొట్టు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా అంది.

"ఆ సూది వద్దు బిడ్డా. ఎనకట గిట్లనే ఇస్తే ఒళ్లంత దద్దుర్లు లేసి ఊపిరి ఆడలే. ఆయనకు ఎరుక లేదు."

ఆ గొంతులో భయం లేదు, బతిమాలడం ఉంది. నేను కాగితం తీసుకుని లోపల గదిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. "వాళ్లావిడ ఇలా చెబుతోందండి," అన్నాను. ఆవిడ సూది మానిపించి, దానికి బదులు వేరే మాత్రలు రాయించి సంతకం పెట్టారు.

తిరిగొచ్చేసరికి తండ్రీ కూతుళ్లిద్దరే ఉన్నారు. మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి, "మీ అమ్మగారు చెప్పబట్టి సరిపోయింది. ఆవిడేరి?" అని కూతుర్ని అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఏ అమ్మ సిస్టర్? మా అమ్మ సచ్చిపోయి రెండేండ్లాయె."

ఫార్మసిస్టు వైపు తిరిగాను. అతనూ ఇద్దరినే చూశాడట. నేను ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తలెత్తితే, తలుపు దగ్గరున్న కూతురితో అనుకున్నాడట. చీర సంగతీ పచ్చబొట్టు సంగతీ చెప్పాను. "గది మా అమ్మనే," అంటూ ఆ పిల్ల గడప మీద కూర్చుంది. పెద్దాయన వెనక్కి తిరిగి, ఆమె నిలబడ్డ చోటు వైపు చూశాడు.

వారం తిరగకముందే కూతురు ఒక్కతే వచ్చింది. ఊళ్లో మేనత్తను అడిగిందట. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒకసారి జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే కాంపౌండరు సూది ఇచ్చాడట. ఒళ్లంతా ఉబ్బి ఊపిరి ఆగినంత పనైతే ఎడ్లబండి మీద పట్నం దవాఖానకు తీసుకుపోయారట.

"నాయినకు చెప్తే భయపడి మళ్లా దవాఖాన మొహం చూడడని అమ్మ చెప్పనీయలేదంట," అంది. ఆ సంగతి తనకూ తెలియదట.

వాచిన కాలు తగ్గాక పెద్దాయన తనే నడిచి వచ్చాడు. గదిలో ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎట్లుండె అమ్మా ఆమె? జర సన్నబడ్డదా?"

ఆఖరి రోజుల్లో ఆమె తిండి తినలేక చిక్కిపోయిందని కూతురు చెప్పింది నాకు గుర్తొచ్చింది. నేను చూసిన మనిషి అలా లేదు. "లేదండి, చక్కగా ఉన్నారు. బుగ్గలు నిండుగా ఉన్నాయి," అన్నాను. అబద్ధం కాదు. ఆయన తుండుతో మొహం తుడుచుకుని తల ఊపాడు.

అలసట వల్ల కనబడిందనుకుందామంటే, ఆయనకే తెలియని సంగతి నాకెలా తెలుస్తుంది? తర్వాత ఎంతమందికి మందులు రాశానో, అలాంటిది ఇంకెప్పుడూ జరగలేదు. ఇన్నేళ్లు గడిచినా కారణం తెలియదు. ఇంక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

ఆ తర్వాత పెద్దాయన అప్పుడప్పుడు వచ్చేవాడు. ఒంట్లో ఏమైనా బాగోలేదా అని అడిగితే, "మంచిగనే ఉన్న అమ్మా, జర సేపు కూసుంటా," అనేవాడు. వరండాలో బెంచీ మీద ఒక చివరకు జరిగి కూర్చునేవాడు. ఎంత రద్దీగా ఉన్నా, ఆయన పక్కన మాత్రం నేనెవరినీ కూర్చోమనేదాన్ని కాదు.