బేరిపండులో తగ్గిన చక్కెర

"...తగ్గించమన్నానే గానీ, పూర్తిగా మానెయ్యమన్నానా?"

"ఇంకేం మిగిలిందని తగ్గించను? పోయిన వారం ఓ గరిటె తీశాను. మొన్న ఇంకో గరిటె. ఇవాళ పండుకి చక్కెర డబ్బా చూపించి మూత పెట్టెయ్యనా?"

వంటగదికీ భోజనాల గదికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెనే. తినేవాళ్లందరూ ఆ మొగుడూపెళ్లాల గొడవ గరిటెల లెక్కతో సహా విన్నారు.

ఆ చిన్న హోటలు ఆమెది. బేరిపళ్లను తీపి వైన్‌లో మెత్తగా ఉడికించి, ఆ రసంలో చక్కెర వేసి తీగపాకం వచ్చేదాకా మరగబెట్టి, పళ్ల మీద పోసి ఇస్తుంది. దానికోసమే వచ్చేవాళ్లున్నారు. తాళాల కొట్టు మూసేసి భర్త ఇంటిపట్టున ఉంటే, ఊరికే కూర్చుంటే మనిషి పాడవుతాడని వడ్డన ఆయనకు అప్పగించింది.

వడ్డన ఆయనకు బాగానే వచ్చింది. చిక్కల్లా వైన్ సీసా వెనక అంటించిన చీటీ చదవడంతో వచ్చింది. తినే తీపి కంటే తాగే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ పుల్లగా తగులుతుంది అని అందులో ఉంది. మాట నిజమే. మరింత తియ్యటి వైన్ కొంటే సరిపోయేది. ఆయన మాత్రం చక్కెర తగ్గించమని వంటను సరిదిద్దడానికి పూనుకున్నాడు. పండుతో పాటు వైన్ ఇవ్వడానికి బొటనవేలంత గ్లాసులు తెచ్చాడు. ఎవరైనా వైన్‌ను "మందు" అంటే వాళ్ల బల్ల దగ్గరికి ఆఖరున వెళ్లేవాడు. ముందు ఉపన్యాసం, తర్వాత గ్లాసు, ఆ తర్వాత చల్లారిన పండు.

కిటికీ పక్క బల్ల ఎదురింటి దర్జీది. అతను గ్లాసు పైకెత్తి చూశాడు.

"ఏంటి బాబాయ్, దగ్గు మందా? పూటకెన్ని చెంచాలు?"

"మందు కాదురా, వైన్. ముందు వాసన చూడు."

"చూశా. తాగనిస్తావా, రేపు రమ్మంటావా?"

తాగాడు. పండు కొరికాడు. నమలడం మధ్యలో ఆపాడు.

"వైన్ అమృతం బాబాయ్. ఈ పండే... పిన్నికి ఒంట్లో బాగానే ఉందా? పథ్యం కూడులా ఉంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. వంటగది వైపు కేకేశాడు. "విన్నావా? అమృతమట!"

ఆమె మొత్తం విన్నది. పొయ్యి మంట తగ్గించింది. పాకం గిన్నె పట్టుకుని బయటికొచ్చి, ఆయన చేతిలోని ట్రేలో ఇంకా ఎవరికీ ఇవ్వని గ్లాసులన్నీ ఒక్కొక్కటే ఆ పాకంలోకి వంపేసింది.

"రేపటి నుంచి వైన్ గిన్నెలోకే," అందరికీ వినపడేలా చెప్పింది. "గ్లాసుల్లో ఈయన మంచినీళ్లు పోస్తారు."